ఉబ్బసం ఉన్నవాళ్ళకి ఆస్పిరిన్ పడకపోవడం: జన్యువుల వాటా ఎంత, ఇంట్లో ఏం రాసుకోవాలి

రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగు ఇళ్ళలో ఉబ్బసం ఉన్నవాళ్ళు అడిగే ప్రశ్నలు రెండు. "మా నాన్నకి నొప్పుల సూది పడలేదు, నాకూ పడదా?" అనేది ఒకటి. "దీనికి జన్యు పరీక్ష ఉందట, చేయించుకోమంటారా?" అనేది రెండోది. ఈ బాధలో జన్యువుల పాత్ర ఉంది. అయినా ఇవాళ్టికి జన్యు పరీక్షతో తేలేదేమీ లేదు. తేల్చేవి ఇంట్లో మీరు రాసుకునే రెండు కాగితాలు, ఆ తర్వాత పెద్దాసుపత్రిలో డాక్టర్ల కళ్ళముందు జరిగే ఒక పరీక్ష. ఆ కాగితాలు ఎలా రాయాలి, ఎక్కడ పొరపాట్లు దొర్లుతాయి అన్నదే ఇక్కడి విషయం.

ఎవరికి అనుమానం రావాలి

ఉబ్బసం ఉన్న ప్రతి ఒక్కరూ ఆస్పిరిన్‌కి భయపడక్కర్లేదు. ఉబ్బసం ఉన్న పెద్దవాళ్ళలో నూటికి సుమారు ఏడుగురికి అది పడదు. ఉబ్బసం బాగా ముదిరినవాళ్ళలో ఆ లెక్క పదిహేను దాకా పోతుంది. మిగతావాళ్ళు లేనిపోని భయంతో పనికొచ్చే మందులు మానుకుంటున్నారు. ఆ ఏడుగురేమో తెలియక వేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు.

ఈ బాధకు ఒక వరస ఉంటుంది. ముప్పై ఏళ్ళ ప్రాంతంలో రొంప పట్టి వదలదు. ముక్కు దిబ్బడ వేసి, నోటితో ఊపిరి తీసుకుంటూ పడుకోవాల్సి వస్తుంది. నెమ్మదిగా వాసన పోతుంది. పొయ్యి మీద పోపు మాడుతున్నా పక్కగదిలోవాళ్ళు వచ్చి చెబితేగానీ తెలియదు. ముక్కులో కండ పెరిగిందని చెవి ముక్కు గొంతు డాక్టరు ఆపరేషన్ చేస్తారు, ఏడాదో రెండేళ్ళో గడిచాక కండ మళ్ళీ వస్తుంది. ఈ మధ్యలోనే ఉబ్బసం మొదలవుతుంది. ఇవన్నీ ఉన్న మనిషి ఒకరోజు తలనొప్పికో కీళ్ళనొప్పికో బిళ్ళ వేసుకుంటే, అరగంట నుంచి మూడు గంటల లోపు ముక్కు కారి, కళ్ళు ఎర్రబడి, ఛాతీ బిగుసుకుని పిల్లికూతలు మొదలవుతాయి. ఆడవాళ్ళలో ఇది కాస్త ఎక్కువ.

చిన్నప్పటి నుంచీ ఉబ్బసం ఉండి, ముక్కులో కండ లేక, వాసన బాగా తెలిసేవాళ్ళలో ఈ తేడా ఉండే అవకాశం తక్కువ. తక్కువే, బొత్తిగా లేదని కాదు.

ముందు ఇది: బిళ్ళ వేసుకున్నాక ఆయాసం మొదలైతే

ఆసుపత్రికి గంటలకొద్దీ ప్రయాణం ఉన్న ఊళ్ళలో ఈ భాగం ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి.

మనిషిని కూర్చోబెట్టండి, పడుకోబెట్టవద్దు. సాల్బుటమాల్ స్ప్రేని, అంటే ఆస్తాలిన్ లాంటిదాన్ని, స్పేసర్ (స్ప్రేకి తగిలించే గొట్టం లాంటి డబ్బా) తగిలించి ఒక్కో నొక్కుకి నాలుగైదు ఊపిర్లు తీయించండి. నాలుగు నుంచి పది నొక్కుల దాకా ఇవ్వవచ్చు. తగ్గకపోతే ఇరవై నిమిషాలకోసారి, మొదటి గంటంతా అలాగే ఇవ్వండి. స్పేసర్ లేకపోతే అర లీటరు ప్లాస్టిక్ నీళ్ళ సీసా అడుగున స్ప్రే మూతి బిగుతుగా పట్టేంత రంధ్రం చేసి, సీసా మూతిని నోట్లో పెట్టుకుని పీల్చాలి. రంధ్రం వదులైతే మందు పక్కనుంచి పోతుంది. చుట్టూ టేపు వేయండి.

తగ్గుతుందేమో చూద్దామని ఆగకుండా, మొదటి నొక్కులు ఇస్తూనే 108కి ఫోన్ చేయండి. ఒడిశాలోనూ ఆంధ్రలోనూ నంబరు అదే. ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోతున్నా, పెదవులు నీలంగా మారినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చి కళ్ళు తిరుగుతున్నా స్ప్రే ఒక్కటే చాలదు. ఆక్సిజన్, స్టెరాయిడ్, అవసరాన్ని బట్టి అడ్రినలిన్ సూది ఉన్నచోటికి చేర్చాలి. వేసుకున్న బిళ్ళ రేకుని వెంట తీసుకెళ్ళండి. ఆయాసం మధ్యలో ఇంకో నొప్పుల బిళ్ళగానీ సూదిగానీ ఇవ్వనివ్వకండి. ఛాతీ నొప్పి అనుకుని డిక్లోఫెనాక్ పొడవడం జరిగే పొరపాటే.

ఒంట్లో ఏం జరుగుతుంది

దీన్ని అందరూ అలర్జీ అంటారు. అసలు అలర్జీ తరహా కాదిది. పెన్సిలిన్ పడకపోవడంలో ఆ మందుకే ప్రత్యేకంగా తయారైన ఐజీఈ అనే ప్రతిరక్షకం ఉంటుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. అందుకే చర్మం మీద చుక్క వేసి చూసే పరీక్షలో, ఐజీఈ రక్తపరీక్షలో ఇది దొరకదు. ఆ రిపోర్టు నెగెటివ్ వచ్చిందని ధైర్యంగా బిళ్ళ వేసుకోవడం పెద్ద తప్పు.

కణాల పొరల్లో అరాకిడోనిక్ ఆమ్లం అనే కొవ్వు పదార్థం ఉంటుంది. ఒకే కాలువకి రెండు తూములున్నట్టు దానికి రెండు దారులు. మొదటి తూము కాక్స్-1 అనే ఎంజైము. దాని నుంచి వచ్చే ప్రోస్టాగ్లాండిన్ ఈ2 శ్వాసనాళాలను సముదాయిస్తూ, రెండో దారి ఉరకలెత్తకుండా అదుపులో ఉంచుతుంది. రెండో తూము 5-లైపాక్సిజనేజ్. అందులోంచి వెళ్ళింది చివరకు ల్యూకోట్రైన్లు అవుతుంది. శ్వాసనాళాలను బిగించేవీ, ముక్కులో వాపు తెచ్చేవీ, కఫం పెంచేవీ అవే. ఆస్పిరిన్ మొదటి తూము మూసేస్తుంది. అందరికీ మూస్తుంది. కానీ ఈ రకం ఉబ్బసం ఉన్నవాళ్ళలో రెండో దారి అప్పటికే నిండుగా పారుతుంటుంది, అదుపు చేసే ఈ2 అప్పటికే తక్కువగా ఉంటుంది. ఉన్న ఆ కాస్త అదుపూ పోగానే ల్యూకోట్రైన్లు ముంచెత్తుతాయి.

అందుకే రసాయనంగా ఒకదానికొకటి పోలిక లేని ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డిక్లోఫెనాక్ మూడూ ఒకే మనిషికి పడవు. మూడూ కాక్స్-1ని మూసేవే. ఉబ్బసం, ముక్కులో కండ, ఆస్పిరిన్ పడకపోవడం కలిసి వస్తాయని ఫ్రాన్స్‌లో వీడాల్ 1922లోనే రాశారు. మందుకి కాక్స్‌ను మూసే శక్తి ఎంత ఉంటే ఆయాసం తెచ్చే శక్తి అంత ఉంటుందని 1975లో పోలండ్ వైద్యుడు ష్చెక్లిక్ బృందం చూపించింది. పారాసిటమాల్ మామూలు మోతాదులో కాక్స్-1 జోలికి పెద్దగా పోదు, కాబట్టి చాలామందికి సరిపడుతుంది.

జన్యువుల సంగతి

ఈ దారిలో పనిచేసే ఎంజైములకూ, ల్యూకోట్రైన్లు, ఈ2 లాంటివాటి సంకేతాన్ని కణాల మీద అందుకునే గ్రాహకాలకూ తలా ఒక జన్యువు ఉంది. శాస్త్రవేత్తలు మొదట వెతికింది అక్కడే.

అందరికంటే ముందు పేరు తెచ్చుకున్నది ఎల్‌టీసీ4ఎస్, అంటే ల్యూకోట్రైన్ సీ4 తయారుచేసే ఎంజైము జన్యువు. ఐదో క్రోమోజోము మీద ఉంటుంది. దాన్ని నడిపించే భాగంలో మైనస్ 444 అనే చోట కొందరికి ఎ అక్షరం బదులు సి ఉంటుంది. పోలండ్‌లో ఆస్పిరిన్ పడని ఉబ్బసం రోగుల్లో ఈ సి ఎక్కువగా ఉందని 1997లో ప్రచురించారు. జపాన్‌లోనూ అలాంటి సంబంధం కనిపించింది. అమెరికాలో, కొరియాలో వెతికితే ఆ తేడా నిలబడలేదు. పైగా ఈ సి అక్షరం ఏ ఇబ్బందీ లేని మామూలు మనుషుల్లోనూ బాగానే కనిపిస్తుంది.

రెండోది హెచ్‌ఎల్‌ఏ-డీపీబీ1, రోగనిరోధక వ్యవస్థకి చెందిన జన్యువు, ఆరో క్రోమోజోము మీద. అందులో 0301 అనే రకం పోలండ్ రోగుల్లోనూ కొరియా రోగుల్లోనూ ఎక్కువగా తేలింది. రెండు వేర్వేరు జాతుల్లో ఒకే ఫలితం రావడం వల్ల, ఉన్నవాటిలో దీనికే కాస్త బరువుంది. వీటితోపాటు ల్యూకోట్రైన్ గ్రాహకం జన్యువు సీఐఎస్‌ఎల్‌టీఆర్1, ఈ2ని అందుకునే గ్రాహకం జన్యువు పీటీజీఈఆర్2 లాంటివి ఒక్కో దేశంలో ఒక్కోసారి పైకొచ్చాయి. జన్యువులో అక్షరాలు మారకుండానే దాని మీద రసాయన ముద్రలు పడి అది పనిచేసే జోరు మారడమూ ముక్కులోని కండలో కనిపించింది. పుట్టుకతో లేని బాధ ముప్పై ఏళ్ళకి ఎందుకు మొదలవుతుందో అర్థం చేసుకోవడానికి ఈ దారి ఆశగా ఉంది.

మరి ఎల్‌టీసీ4ఎస్ పరీక్ష చేయించుకుంటే ఏమవుతుంది? చిన్న లెక్క వేద్దాం. ఉబ్బసం ఉన్న వెయ్యిమంది పెద్దవాళ్ళలో 70 మందికి ఆస్పిరిన్ పడదు. లెక్క కోసం, ఆ మార్పు వీళ్ళలో నూటికి 40 మందిలో, మిగతా 930 మందిలో నూటికి 25 మందిలో ఉందనుకుందాం. పరీక్షలో మార్పు బయటపడేది ఆ 70లో 28 మందికి, ఈ 930లో సుమారు 232 మందికి. అంటే పాజిటివ్ వచ్చిన 260 మందిలో నిజంగా పడనివాళ్ళు 28 మందే. పైగా అసలు జాగ్రత్త పడాల్సిన 42 మందికి నెగెటివ్ వచ్చి, ఏం ఫరవాలేదన్న భరోసా దొరుకుతుంది. ఆ భరోసాయే అన్నిటికంటే ప్రమాదం.

జన్యు పరీక్షలన్నీ దండగని దీని అర్థం కాదు. ఫిట్స్‌కి ఇచ్చే కార్బమజెపిన్‌తో చర్మం ఊడిపోయే ప్రమాదాన్ని హెచ్‌ఎల్‌ఏ-బీ 15:02 పరీక్ష ముందే పట్టిస్తుంది. యూరిక్ యాసిడ్‌కి వాడే అల్లోప్యూరినాల్ విషయంలో హెచ్‌ఎల్‌ఏ-బీ 58:01 అలాంటిదే. అక్కడ ఒక్క జన్యువుకి గట్టి బలం ఉంది. ఇక్కడ చాలా జన్యువులకి తలా కాస్త బలం. జన్యువుల రిపోర్టులు అమ్మే ప్యాకేజీలో ఆస్పిరిన్ ఆస్తమా అనే వరుస కనిపిస్తే, దాన్ని బట్టి బిళ్ళ వేసుకోవద్దు, మానవద్దు.

మన జిల్లాల్లో ఇంకో గందరగోళం ఉంది. రాయగడ, కొరాపుట్, మల్కనగిరి వైపు సికిల్ సెల్ పరీక్షలు ఊరూరా జరుగుతున్నాయి. 2023 జులైలో మొదలైన జాతీయ మిషన్ కింద కార్డులూ ఇస్తున్నారు. సికిల్ సెల్‌కి కారణం ఒకే జన్యువు. తల్లిదండ్రులిద్దరూ వాహకులైతే, అంటే తమకు జబ్బు లేకుండా ఆ జన్యువును మోస్తుంటే, ప్రతి కాన్పులో బిడ్డకి జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒకటి. ఆ లెక్క అలవాటైన ఇళ్ళలో ఆస్పిరిన్ విషయాన్నీ అదే లెక్కలో చూస్తున్నారు. "మాది మేనరికం, పిల్లలకీ తప్పదా?" అని అడుగుతున్నారు. మేనరికం బలంగా పనిచేసేది సికిల్ సెల్, తలసీమియా లాంటి ఏక జన్యు వ్యాధుల్లో. ఆస్పిరిన్ పడకపోవడానికి అలాంటి నాలుగింట ఒకటి లెక్క లేదు. యూరప్‌లో పది దేశాల నుంచి ఇలాంటి 500 మంది రోగులను చూసిన అధ్యయనంలో కుటుంబంలో ఇంకొకరికి ఇదే బాధ ఉన్నవాళ్ళు నూటికి ఆరుగురే.

అలాగే, మలేరియాకి ప్రైమాక్విన్ ఇచ్చే ముందు జీ6పీడీ (ఎర్ర రక్తకణాలను కాపాడే ఎంజైము) పరీక్ష చేసి, అది తక్కువ ఉన్నవాళ్ళకి ఇవ్వకూడని మందుల జాబితా చేతిలో పెడతారు. అందులో ఆస్పిరిన్ పేరు కూడా ఉండవచ్చు. అది ఎర్ర రక్తకణాలు పగిలే భయం, శ్వాసకు సంబంధించింది కాదు. డెంగీ జ్వరంలో ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్ వద్దనేది రక్తస్రావం భయంతో. ఇంట్లో పెద్దాయనకి ఆస్పిరిన్ వద్దన్నారంటే ఎందుకు వద్దన్నారో కనుక్కోకుండా కుటుంబ చిత్రంలో ఎక్కించవద్దు.

మొదటి కాగితం: కుటుంబ చిత్రం

ఒక తెల్లకాగితం అడ్డంగా పెట్టండి. మూడు తరాలు చాలు. మగవాళ్ళకి చదరం, ఆడవాళ్ళకి గుండ్రం. దంపతుల మధ్య అడ్డగీత, మేనరికమైతే జంటగీత. తండ్రి వైపు మేనత్తలు, పెదనాన్నలు, తల్లి వైపు మేనమామలు, పెద్దమ్మలు, పిన్నులు అందరినీ వేయండి. ఇంటిపేరు వారినే వంశం అనుకుని అమ్మ వైపు వదిలేయడం ఎక్కువగా జరుగుతుంది. జన్యువులు రెండు వైపుల నుంచీ సగం సగం వస్తాయి.

ప్రతి మనిషి కింద నాలుగు విషయాలు విడివిడిగా రాయండి: ఉబ్బసం ఉందా, ఉంటే ఏ వయసులో మొదలైంది; ముక్కులో కండ లేదా దాని ఆపరేషన్; వాసన పోవడం; మందు పేరు, అది వేసుకున్న ఎంతసేపటికి ఏమైంది. "తాతకి ఉబ్బసం" అన్న ఒక్క ముక్కకి ఇక్కడ విలువ తక్కువ. పొగాకు చుట్ట కాల్చిన తాతకి అరవైలో వచ్చిన ఆయాసం వేరే జబ్బు కావచ్చు. "పెద్దమ్మకి 34 ఏళ్ళకి ముక్కు ఆపరేషన్, 36కి ఉబ్బసం, డిక్లోఫెనాక్ సూది పొడిచిన నలభై నిమిషాలకి ఆయాసం" అంటే దానికి విలువుంది.

దద్దుర్లు, కళ్ళ వాపు మాత్రమే వచ్చినవాళ్ళకి వేరే గుర్తు పెట్టండి. నొప్పుల మందులకి చర్మం మీద తేలడం ఇంకో రకం. ఒకే ఒక్క మందుకి మాత్రమే రియాక్షన్ వచ్చి, అదే కోవలోని మిగతా మందులు సరిపడేవాళ్ళూ ఉంటారు, అది నిజమైన అలర్జీ. వీటన్నిటినీ ఒకే పేరు కింద కలిపేస్తే చిత్రం చూసిన డాక్టరు తప్పుదారి పడతారు.

చిత్రంలో ఇంకెవరూ తేలకపోయినా మీ అనుమానం కొట్టేయవద్దు, చాలామంది రోగులకి ఇంట్లో తామొక్కరే. తిరగేసి చూస్తే, మీకు పడదని తేలినంత మాత్రాన పిల్లలందరికీ నొప్పుల మందులు మాన్పించక్కర్లేదు. వాళ్ళలో ఎవరికైనా ఉబ్బసంతో పాటు ముక్కు దిబ్బడ వదలకుండా ఉంటే, వాసన తగ్గితే, అప్పుడు ఆ ఒక్కరి విషయం డాక్టరుతో మాట్లాడండి.

రెండో కాగితం: మందుల చరిత్ర

రెండింటిలో ఇదే ముఖ్యం. ఐదు నిలువు గళ్ళు గీయండి: తేదీ, మందు అసలు పేరు మోతాదుతో సహా, ఎన్ని నిమిషాలకి, ఏమైంది, ఎలా తగ్గింది. గుర్తున్నంత వెనక్కి వెళ్ళి నింపండి. ఏమీ కాకుండా వేసుకున్న సందర్భాలు కూడా రాయాలి.

ఈ కాగితం మూడు నాలుగు చోట్ల పాడవుతుంది. మొదటిది, "సూది పడలేదు" అని రాసి ఊరుకోవడం. ఆర్ఎంపీ ఒకేసారి నొప్పికొకటి, ఇన్ఫెక్షన్‌కొకటి ఇచ్చి ఉంటారు. నింద సాధారణంగా యాంటీబయాటిక్ మీద పడుతుంది, నొప్పుల మందు తప్పించుకుంటుంది. చీటీ లేకపోతే ఇచ్చినవాళ్ళనే అడిగి రెండు పేర్లూ రాయించుకోండి. రెండోది, జ్వరం, జలుబుతో అప్పటికే ఆయాసం మొదలయ్యాక బిళ్ళ వేసుకుని, ఆయాసం బిళ్ళ వల్లే అనుకోవడం. బిళ్ళకి ముందు ఊపిరి ఎలా ఉందో రాస్తే ఇది తేలిపోతుంది. మూడోది, "పదేళ్ళ కిందట ఇదే బిళ్ళ వేసుకున్నాను, ఏం కాలేదు" అన్న వాదన. ఈ గుణం పుట్టుకతో బయటపడదు, నడివయసులో వచ్చి చేరుతుంది. ఉబ్బసం రాకముందు పడిన మందు ఇప్పుడు పడుతుందని చెప్పలేం. నాలుగోది, మాంటెలుకాస్ట్ వాడుతున్నప్పుడు వేసుకున్న సందర్భం. మాంటెలుకాస్ట్ ల్యూకోట్రైన్లను అడ్డుకుంటుంది కాబట్టి రియాక్షన్ మెత్తబడి ఉత్త ముక్కు కారడంతో పోవచ్చు. అప్పుడు వాడుతున్న మందులూ పక్కన రాయండి.

మద్యం సంగతి మొహమాటపడకుండా రాయండి. ఈ రకం ఉబ్బసం ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి కొద్దిపాటి మద్యానికే ముక్కు దిబ్బడ వేయడమో ఆయాసం రావడమో ఉంటుంది. కల్లు, ఇప్పసారా, సీసాలో అమ్మేది, ఏదైనా సరే. అది బలమైన ఆనవాలు.

రేకు చదవడం

రేకు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టిన పేరు. చూడాల్సింది దాని కింద చిన్న అక్షరాల్లో ఉండే అసలు పేరు. షాపులో రేకు కత్తిరించి రెండు బిళ్ళలిస్తే పేరున్న భాగం షాపులోనే ఉండిపోతుంది. ఇచ్చేముందు రేకు మొత్తాన్ని ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డిక్లోఫెనాక్, ఎసెక్లోఫెనాక్, నాప్రోక్సెన్, కీటోరోలాక్, మెఫెనమిక్ యాసిడ్, ఇండోమెథాసిన్, పైరాక్సికామ్: ఈ తొమ్మిదిలో ఒకటి పడకపోతే మిగతా ఎనిమిదీ వద్దు. నిమెసులైడ్ కొంత మెత్తన, అయినా డాక్టరు చెప్పందే వద్దు. సారిడాన్‌లో ఉండే ప్రొపిఫెనజోన్ కూడా కొందరికి ఆయాసం తెస్తుంది.

మోసపోయేది కలగలుపు బిళ్ళల దగ్గర. షాపులో "పారాసిటమాలే" అని చేతికిచ్చే కాంబిఫ్లామ్‌లో ఇబుప్రొఫెన్ 400, పారాసిటమాల్ 325 మిల్లీగ్రాములు ఉంటాయి. జెరోడాల్-పీలో ఎసెక్లోఫెనాక్ 100 ఉంటుంది. నెలసరి నొప్పికి ఆడపిల్లలు వాడే మెఫ్తాల్ స్పాస్‌లో మెఫెనమిక్ యాసిడ్ 250. గుండెకిచ్చే ఎకోస్ప్రిన్ ఆస్పిరినే. పన్ను పీకాక ఇచ్చే కీటోరాల్ కూడా ఈ కోవలోదే. కంటి శిబిరాల్లో శుక్లం తీశాక ఇచ్చే చుక్కల్లోనూ కీటోరోలాక్ ఉండవచ్చు. కంట్లో వేసిన చుక్క ముక్కులోకి దిగి ఆయాసం తెచ్చిన సందర్భాలున్నాయి. ఇది చాలామంది డాక్టర్లకే వెంటనే తట్టదు, మీరే చెప్పాలి. సికిల్ సెల్ నొప్పితో ఆసుపత్రికి వెళ్ళేవాళ్ళకి ఉబ్బసం కూడా ఉంటే, సూది పొడిచేముందు ఈ మాట చెప్పడం మరీ ముఖ్యం.

పారాసిటమాల్‌ని ఒకసారికి 500 మిల్లీగ్రాముల దగ్గర ఆపండి. 1000, ఆ పైన మోతాదులో వీళ్ళలో కొందరికి ఆయాసం వస్తుంది. 650 బిళ్ళ వేసుకోవచ్చో లేదో మీ డాక్టరుని అడగండి. సెలికాక్సిబ్, ఎటోరికాక్సిబ్ అనే నొప్పుల మందులు దాదాపు అందరికీ సరిపడతాయి గానీ మొదటి మోతాదు ఆసుపత్రిలో కూర్చుని వేసుకోవాలి. చింతపండు, పండ్లు, మసాలాలు మానమని ఎవరైనా చెబితే పట్టించుకోనక్కర్లేదు.

తేల్చే పరీక్ష

రెండు కాగితాలతో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. బరంపురం, కొరాపుట్, శ్రీకాకుళం, విశాఖపట్నంలో ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రులున్నాయి. ఆస్పిరిన్ ఛాలెంజ్, అంటే డాక్టర్ల కళ్ళముందు ఆస్పిరిన్ కొద్దికొద్దిగా ఇచ్చి చూసే పరీక్ష, అన్నిచోట్లా చేయరు, ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరండి. ముక్కు ఆపరేషన్ విశాఖలో, ఉబ్బసం వైద్యం రాయగడలో జరిగినవాళ్ళు రెండు చోట్ల కాగితాలూ పట్టుకెళ్ళాలి. వాసన పోవడం, ముక్కులో కండ, రెండు వేర్వేరు నొప్పుల మందులకి ఆయాసం స్పష్టంగా రాసి ఉంటే డాక్టరు ఈ పరీక్ష లేకుండానే నిర్ధారించవచ్చు.

చేస్తే ఇలా చేస్తారు. ఉబ్బసం అదుపులో ఉన్న రోజు చూస్తారు. మొదటి సెకనులో ఊదే గాలి, ఉండాల్సినదాంట్లో 70 శాతమైనా ఉండాలి. 20 నుంచి 40 మిల్లీగ్రాముల ఆస్పిరిన్‌తో మొదలుపెట్టి, గంటన్నర నుంచి మూడు గంటలకోసారి పెంచుతూ 325 దాకా వెళతారు. ప్రతి మోతాదు తర్వాత ఊదించి చూస్తారు. ఊదే గాలి 20 శాతం పడిపోయినా, ముక్కూ కళ్ళూ స్పష్టంగా కారినా పాజిటివ్. ఒకటి రెండు రోజులు పడుతుంది. రోజూ పీల్చే స్ప్రేలను మీ అంతట మీరు ఆపి వెళ్ళవద్దు. జలుబు మాత్రలు, మాంటెలుకాస్ట్ ఎప్పుడు ఆపాలో, ఆపాలో లేదో వాళ్ళే చెబుతారు. దీన్ని ఇంట్లో పావు బిళ్ళతో మొదలెట్టి చేసి చూడటం ఆత్మహత్యా ప్రయత్నమే. పావు బిళ్ళకే తీవ్రమైన రియాక్షన్ వచ్చేవాళ్ళున్నారు.

ఆస్పిరిన్ తప్పనిసరి అయినప్పుడు

గుండెకి స్టెంట్ వేసినవాళ్ళకి, బీపీ పెరిగే ప్రమాదం ఉన్న గర్భిణులకి తక్కువ మోతాదు ఆస్పిరిన్ రాస్తారు. 75 మిల్లీగ్రాములు కదా అని అనుమానం ఉన్నవాళ్ళు ఇంట్లో మొదలుపెట్టకూడదు. కొత్తగా స్టెంట్ ఉన్నవాళ్ళు భయంతో ఆపేయనూ కూడదు, స్టెంట్ మూసుకుపోతుంది. వెంటనే గుండె డాక్టరుకి ఉబ్బసం సంగతి చెప్పాలి.

దారి ఉంది. ఛాలెంజ్ లాగే కొద్దికొద్దిగా పెంచుతూ, రియాక్షన్ వచ్చి తగ్గాక కూడా ఆసుపత్రిలోనే కొనసాగిస్తే ఒళ్ళు ఆ మందుకి అలవాటు పడుతుంది. దీన్ని డీసెన్సిటైజేషన్ అంటారు. ముక్కులో కండ మాటిమాటికీ పెరిగేవాళ్ళకి వైద్యంగానే ఇలా చేసి, తర్వాత పెద్ద మోతాదులో రోజూ ఆస్పిరిన్ ఇస్తారు. కడుపులో పుండు, రక్తస్రావం ఉన్నవాళ్ళకి కుదరదు. ఈ అలవాటు నిలిచేది మందు రోజూ పడుతున్నంత కాలమే. రెండు మూడు రోజులు తప్పితే పోతుంది, మళ్ళీ ఇంట్లో మొదలుపెడితే మొదటిరోజు లాంటి రియాక్షనే వస్తుంది. వానాకాలంలో గెడ్డలు పొంగి దారులు తెగే ఊళ్ళవాళ్ళు కనీసం ఇరవై రోజుల బిళ్ళలు చేతిలో ఉంచుకోవాలి.

జేబులో కార్డు

అట్టముక్క మీద ఇలా రాయండి: "నాకు ఉబ్బసం ఉంది. ఆస్పిరిన్, ఇబుప్రొఫెన్, డిక్లోఫెనాక్, ఈ కోవలోని ఏ బిళ్ళా, సూదీ, కంటి చుక్కలూ ఇవ్వవద్దు. పారాసిటమాల్ 500 ఇవ్వవచ్చు. ఆయాసం వస్తే సాల్బుటమాల్, ఆక్సిజన్." కింద నిర్ధారణ ఎలా జరిగింది, ఛాలెంజ్‌తోనా చరిత్ర బట్టా, ఏ తేదీన, ఇంట్లోవాళ్ళ ఫోన్ నంబరు. అదే మాట ఒడియాలోనూ ఇంగ్లీషులోనూ రాయించండి. ఒడియా బడిలో చదివిన మీ పిల్లలు రాయగలరు, మందుల పేర్లు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి. ఒకటి స్ప్రే ఉంచే సంచిలో, ఒకటి ఆధార్ కార్డు వెనక పెట్టండి. డాక్టరు కొత్తగా ఏదైనా మందు సరిపడుతుందని తేల్చితే దాని పేరు, మోతాదు, తేదీ రెండింటి మీదా ఎక్కించండి.